సాధన దానం: మగ్గపు విడిభాగాలను గురించి ఒక పరిశీలన

దానం అనే మాట వినగానే అన్నం, వస్త్రం, ధనం, భూమి మన మనస్సుకు తోస్తాయి. పనిముట్టు తోచదు. గోదాన భూదానాలు చేసినవారి పేర్లు రాతిమీద నిలిచాయి. ఇరుగుపొరుగువానికి ఒక నాడెనో, ఒక పన్నెనో ఇచ్చినవాడు తన పేరును ఏ రాతిమీదా చెక్కించుకోడు. అయినను చేతివృత్తుల చరిత్రలో ఈ రెండవ రకపు దానానికి ఉన్న విలువ తక్కువది కాదని మా అభిప్రాయం. దానిని ఈ వ్యాసంలో మగ్గం ఆధారంగా కొంత వివరంగా చూడదలచాము.

1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో ఆచార్య వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాల భూమిని భూమిలేని పేదలకు ఇస్తానని ప్రకటించారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఇది మన విద్యార్థులందరికీ తెలిసిన సంగతే. అంతగా తెలియనిది మరొకటి ఉన్నది. భూమిని పొందినంత మాత్రాన పేదవాడు రైతు కాలేడు. ఎద్దులు, నాగలి, విత్తనం లేనిదే ఆ భూమి బీడుగానే ఉండిపోతుంది. కావున ఉద్యమం సాగిన కొద్దీ భూదానానికి తోడుగా సంపత్తి దానం, శ్రమదానం, సాధన దానం అనే మాటలు ప్రచారంలోకి వచ్చాయి. సాధన దానమంటే పనిముట్ల దానం. భూదానం పేరు పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. సాధన దానం పేరును నేడు తలచేవారు అరుదు.

ఆ పోచంపల్లి నేతగాళ్ల ఊరు కూడా కావడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా భూమి విషయంలో నాడు తలెత్తిన ప్రశ్న నేడు మగ్గం విషయంలో మన ముందు నిలిచి ఉన్నది. ఒక ఇంట నేత ఆగిపోయినప్పుడు ఆ ఇంటి మగ్గం ఏమవుతున్నది? మరొక ఇంట ఒక్క భాగం లేక మగ్గం ఆగినప్పుడు ఆ భాగం ఎక్కడినుండి వస్తున్నది? ఈ రెండు ఇళ్లు ఒకే ఊరిలో, ఒక్కొక్కప్పుడు ఒకే వీధిలో ఉన్నా ఒకదాని సంగతి మరొకదానికి చేరకపోవడానికి కారణమేమి?

మన కళాశాల విద్యార్థులకు పరిచయమైన ఒక మాటను ఇక్కడ గుర్తుచేయడం అప్రస్తుతం కాదు. పవిత్ర ఖుర్‌ఆన్‌లోని 107వ అధ్యాయం పేరు ‘అల్ మాఊన్’. ఇంటింటా వాడుకలో ఉండే చిన్న వస్తువులు అని ఈ మాటకు అర్థం చెప్పి కుండ, గొడ్డలి, చేద వంటివాటిని వ్యాఖ్యాతలు ఉదాహరించారు. అట్టివాటిని అడిగినవారికి ఇవ్వకుండా బిగపట్టుకోవడాన్ని ఆ అధ్యాయం నిందించింది. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో పూర్తిగా ఇచ్చివేయడానికి ‘హిబా’ అనీ, వాడుకొని తిరిగి ఇచ్చే పద్ధతిపై ఇవ్వడానికి ‘ఆరియత్’ అనీ వేరువేరు పేర్లున్నాయి. ఈ భేదం మన విషయానికి చాలా అవసరమైనది. దీనిని గురించి ముందు ముందు ముచ్చటిస్తాము.

ఇక మగ్గం దగ్గరకు వద్దాం. విద్యార్థులలో నేత కుటుంబాల నుండి వచ్చినవారికి ఇది కొత్త కాదు. వారు ఈ భాగాన్ని దాటవేసినా మాకు అభ్యంతరం లేదు. గుంట మగ్గంలో నేతగాడు నేలలో తవ్విన గుంటలోనికి కాళ్లు జార్చి కూర్చుంటాడు. నిడుపుగా సాగే దారాలు పడుగు. అడ్డంగా నడిచే దారం పేక. పడుగులోని ప్రతి పోగూ ముందుగా హీల్డు అనే దారపు కన్నుల వరుసలో ఒక కంటినుండి దూరి, ఆ తరువాత దువ్వెన పళ్లవంటి పళ్లు గల పన్నెలో ఒక సందునుండి బయటికి వస్తుంది. కాలితో చెక్కను తొక్కితే హీల్డులు లేచి దిగి పడుగును రెండు పొరలుగా విడదీస్తాయి. ఆ రెండు పొరల నడుమ నాడె పరుగెత్తుతుంది. నాడె కడుపులో పేకదారం చుట్టిన కండె ఉంటుంది. నాడె ఆవలికి చేరగానే పలకను ముందుకు లాగితే పన్నె ఆ పేకను బట్ట అంచుకు తాటిస్తుంది. 1733లో ఇంగ్లండులో జాన్ కే అనునతడు త్రాడు లాగితే పరుగెత్తే నాడెకు పేటెంటు పొందాడు. ఆ ఏర్పాటు మన దేశానికి వచ్చి, మన గుంట మగ్గాలకే అమరింది. అనగా పాత మగ్గానికి కొత్త భాగం అతకడం మన నేతగాళ్లకు తెలియని విద్య కాదు.

ఈ భాగాలన్నింటిలో దానానికి తేలికగా కనబడేది, నిజానికి చాలా కష్టమైనది పన్నె. చూపుకు అన్ని పన్నెలూ ఒక్కటిగానే ఉంటాయి. కాని ప్రతి పన్నెకు ఒక నంబరు ఉంటుంది. స్టాక్‌పోర్టు లెక్క ప్రకారం 2 అంగుళాల నిడివిలో ఎన్ని సందులుంటే అది ఆ పన్నె నంబరు. 60 నంబరు పన్నెలో అంగుళానికి 30 సందులు. సందుకు 2 పోగుల చొప్పున తీస్తే అంగుళానికి 60 పోగులు. 50 అంగుళాల వెడల్పుకు 3,000 పోగులు. 72 నంబరు పన్నె అయితే అదే 50 అంగుళాలకు 3,600 పోగులు. ఇప్పుడు 3,600 పోగుల పడుగు సిద్ధం చేసుకొని, పన్నె తుప్పుపట్టిపోయి కూర్చున్న ఇంటికి మనం మంచి మనస్సుతో 50 అంగుళాల 60 నంబరు పన్నెను తీసుకొనిపోయి ఇచ్చామనుకొందాం. ఆ పోగులకు దానిలో 60 అంగుళాల వెడల్పు కావాలి. పన్నె అంత లేదు. పలక అంత లేదు. మిగిలిన 600 పోగులను ఏమి చేయాలి? సందుకు మూడేసి పోగులు అక్కడక్కడ దూర్చితే బట్టపై చారలు పడతాయి. పోగులను తీసివేస్తే పడుగు వృథా. ఈ లెక్కను గణితశాఖ మిత్రులు తమ తరగతిలో ఒక అభ్యాసంగా ఇవ్వవచ్చునని మేము సరదాగా అన్నాము గాని, నేతగాని ఇంట ఇది సరదా కాదు. మనం ఇచ్చిన పన్నె గోడకు వ్రేలాడుతుంది. ఇచ్చిన తృప్తి మనకు దక్కుతుంది. మగ్గం మాత్రం కదలదు.

పన్నెకు సంబంధించినదే మరొక సంగతి ఉన్నది. ఇది మేము నేత కుటుంబాల విద్యార్థుల వెంట వారి ఇళ్లకు పోయినపుడు తెలుసుకొన్నది. పుస్తకాలలో దీనికి అంత ప్రాధాన్యం కనబడదు. పడుగు పూర్తి అయిన తరువాత నేతగాడు బట్టను కోసి తీసుకొంటాడు. కాని హీల్డుల కన్నులలోను, పన్నె సందులలోను నిలిచి ఉన్న పాత పోగుల కొసలను లాగివేయడు. వాటిని అట్లాగే ముడివేసి ఉంచుతాడు. కొత్త పడుగు రాగానే దానిలోని ఒక్కొక్క పోగును పాత పోగు కొసకు మెలివేసి అతుకుతారు. ఇంటి స్త్రీలు వేళ్లకు బూడిద అద్దుకొని ఈ పనిని ఎంత వేగంగా చేస్తారో చూచి తీరవలసిందే. 3,600 పోగులకు 3,600 అతుకులు. దీనినే అచ్చు అతకడం అంటారు. అతకడం పూర్తి అయిన పిదప మెల్లగా ముందుకు లాగితే కొత్త పడుగు తనంతట తానే హీల్డుల కన్నుల గుండా, పన్నె సందుల గుండా వరుస తప్పకుండా నడచివస్తుంది. ఆ పాత కొసలే లేకపోతే ప్రతి పోగునూ మరల మొదటి నుండి కంటిలోనికి, సందులోనికి ఎక్కించుకోవలసివస్తుంది.

అంటే ఆ వ్రేలాడే పనికిమాలిన దారపు కొసలలో ఒక క్రమం దాగి ఉన్నది. ఏ పోగు ఏ హీల్డుకు చెందాలో, ఏ సందులో ఏ రెండు పోగులు కలిసి నడవాలో అది చెబుతుంది. ఒక ఇంటివారు తమ పెద్దాయన కాలం చేసిన తరువాత ఆయన అచ్చును మరొక ఇంటికి ఇవ్వదలచి, మురికిగా ఇస్తే మర్యాద కాదని తలచి, ఆ కొసలన్నీ కత్తిరించి, దుమ్ము దులిపి, చక్కగా తుడిచి ఇచ్చారు. ఇచ్చినవారిది సంస్కారమే. కాని తుడిచివేయబడినదే ఆ దానంలోని అత్యంత విలువైన భాగం. మగ్గపు భాగం దాని కొలతతో, దాని అమరికతో కలిసి చేతులు మారినప్పుడే రెండవ మగ్గంలో బ్రతుకుతుందని మేము చెప్పదలచినదానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ లేదు.

నాడె సంగతి కొంత సులభం. దాని పొడవు, కండె ఇమిడే చోటు, దారం బయటికి వచ్చే కన్ను కుడివైపున ఉన్నదా ఎడమవైపున ఉన్నదా అన్నది చూచుకొంటే చాలును. కొసన ఉన్న లోహపు ములికి గరుకెక్కితే పడుగు పోగులను తెంపుతుంది. కావున ఇచ్చేముందు వ్రేలితో తడిమి చూడాలి. కండెలు, రాట్నాలు, దోనెలు మొదలైనవి ఇంకను సులభం.

జకార్డు వచ్చేసరికి మరల చిక్కు మొదలవుతుంది. ఫ్రాన్సు దేశపు లియాన్ పట్టణంలో 1804 ప్రాంతాన జోసెఫ్ మేరీ జకార్డు రూపొందించిన ఈ సాధనంలో రంధ్రాలు పొడిచిన అట్టలు వరుసగా కుట్టబడి ఉంటాయి. ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేకకు. రంధ్రమున్న చోట కొక్కెం లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక పువ్వు పూర్తి కావడానికి 300 పేకలు పట్టితే 300 అట్టలు కావాలి. వీటిని ఇచ్చేటపుడు ఒక్క అట్ట తప్పిపోయినా బట్టలో పువ్వు వచ్చినచోటనల్లా అదే లోపం తిరిగి తిరిగి వస్తుంది. 120 కొక్కేల యంత్రానికి పొడిచిన అట్టలు 240 కొక్కేల యంత్రానికి పనికిరావు. అట్టల మూటపై ఎన్ని కొక్కేలో, ఎన్ని అట్టలో, ఏ అంచుకో ఏ కొంగుకో వ్రాయకుండా ఇచ్చినవాడు తాళాన్ని ఇచ్చి తాళపుచెవిని దాచుకొన్నవాడే.

జకార్డు రాకముందు ఆ పనిని దారాలే చేసేవి. మన దక్కనులోని హిమ్రూ నేతను ఇందుకు ఉదాహరణగా చెప్పవచ్చు. ఔరంగాబాదు, హైదరాబాదులలో పేరుపొందిన ఈ వస్త్రంలో నూలు పడుగుపై పట్టు పేకతో పూలు నేస్తారు. పువ్వు నమూనాను దారాల వలగా ముందే కట్టి మగ్గం మీద అమర్చుతారు. దానిని జాలా అంటారు. మగ్గం ఎంత మంచిదైనా జాలా కట్టగలవాడు పోయిన తరువాత అది మామూలు మగ్గమే. హైదరాబాదులో సురయ్యా హసన్ బోస్ గారు హిమ్రూ, మష్రూ, పైఠణీ నేతలను తిరిగి నిలబెట్టడానికి పూనుకొని, వితంతువులైన స్త్రీలకు ఆ పనిని నేర్పించారు. ఆమె 2021లో మరణించేవరకు ఆ మగ్గాల చప్పుడు మన నగరంలో వినబడుతూ వచ్చింది. మేము ఇక్కడ ఆమెను స్మరించడానికి కారణం ఉన్నది. సాధనాన్ని పదిలపరచడం, దానిని వాడే చేతిని తయారుచేయడం ఒకే పనిలోని రెండు సగాలని ఆమె కృషి వల్ల తెలుస్తున్నది. ఎవరూ వాడని మగ్గం గాజుపెట్టెలో ఎంత అందంగా ఉన్నా అది వేరే శాఖకు చెందిన విషయం.

పనిముట్టు ఒక వృత్తి నుండి మరొక వృత్తికి మారిన సందర్భాలు కూడా లేకపోలేదు. తెలుగు ముస్లింలలో దూదేకులవారి ఏకే విల్లు ఒకప్పుడు వడికేవారి కొరకు పత్తిని సిద్ధం చేసేది. మిల్లు నూలు వచ్చి రాట్నాన్ని మూలకు నెట్టిన తరువాత అదే విల్లు పరుపులకు, దిండ్లకు దూదిని ఏకింది. విల్లు మారలేదు, నారి మారలేదు, పని మారింది.

మరమగ్గాల చరిత్ర దీనికి భిన్నమైనది. పునర్వినియోగం దృష్టితో చూస్తే అది మరింత ఆసక్తికరమైనది. ఇంగ్లండులో 1959 నాటి నూలు పరిశ్రమ చట్టం క్రింద, మిగులుబడిన కదుళ్లను, మగ్గాలను పగులగొట్టించినందుకు మిల్లు యజమానులకు ప్రభుత్వం పరిహారం చెల్లించింది. మన దేశంలో జరిగినది వేరు. బొంబాయి మిల్లులు తీసివేసిన పాత మగ్గాలను 1930ల నుండియే భివండి, మాలేగాఁవ్ వంటి పట్టణాలలోని చేనేతవారు కొనుక్కొని తమ ఇళ్లలో, పాకలలో నిలుపుకొన్నారు. మాలేగాఁవ్‌లో 1857 తరువాత ఉత్తరాది నుండి వలసవచ్చిన మోమిన్ నేతగాళ్లు, భివండిలో మన తెలుగు పద్మశాలీలు కూడా ఈ మగ్గాలపై పనిచేశారు. అట్లా భివండిలో పని నేర్చినవారి ద్వారా ఆ పాత మగ్గాలలో కొన్ని సిరిసిల్లకు చేరాయి. ఒక మిల్లులో కాలం చెల్లినదనిపించుకొన్న మగ్గం రెండవ చోట ఒక తరాన్ని పోషించి, మూడవ చోట మరొక తరాన్ని పోషించింది. ఇది సాధ్యపడడానికి కారణం ఆ మగ్గాల నిర్మాణంలోనే ఉన్నది. పోత ఇనుముతో ఒకే నమూనాలో తయారైన ఆ మగ్గాలలో పళ్లచక్రం విరిగితే పనికిరాని మరొక మగ్గంనుండి తీసి బిగించవచ్చు. 2017లో కేంద్ర ప్రభుత్వం పవర్‌టెక్స్ ఇండియా పథకాన్ని ప్రారంభించినపుడు, మామూలు మరమగ్గాలకు దారం తెగితే ఆగిపోయే ఏర్పాటు వంటి కొత్త భాగాలను అమర్చడానికి సాయం చేయడం అందులో ఒక అంశంగా ఉన్నది. పాత దేహానికి కొత్త అవయవం అతికే ఆలోచనయే అది.

అయితే మరమగ్గపు భాగాలను ఎవరూ దానం చేయరు. ఇనుముకు తూకం ఉన్నది. తూకానికి ధర ఉన్నది. విరిగినదానిని కూడా పాత సామాన్లవాడు కొంటాడు. చేమగ్గం సంగతి అట్లా కాదు. దాని కర్రకు, దారపు హీల్డులకు, పాత పన్నెకు బజారులో ధర లేదు. కావున అది ఇంకొక నేతగానికైనా చేరాలి, లేదా పొయ్యిలోకైనా చేరాలి. పెక్కుచోట్ల పొయ్యికే చేరుతున్నది. ఒక వీధిలో మేము ఈ మాటనే ఎత్తినపుడు, మగ్గాన్ని విప్పి కట్టెలుగా వాడుకొన్న ఒక ముసలామె మా వైపు తిరిగి అన్నది: “మగ్గాన్ని పొయ్యిల పెట్టుడు పాపమంటరు సారూ. కొంటమని గాని, అడుక్కపోతమని గాని ఒక్కరన్న వచ్చిన్రా?” ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఇంటిలో వర్షానికి తడుస్తూ, చోటు ఆక్రమిస్తూ, పోయినవారిని గుర్తుచేస్తూ ఉండే ఆ కట్టెలను ఎన్నాళ్లు కాపాడమని ఆమెకు మనం చెప్పగలము?

దేశంలో చేనేత, దాని అనుబంధ పనులు చేసేవారి సంఖ్య 2009-10 గణనలో 43.31 లక్షలు. 2019-20లో జరిగిన నాలుగవ గణనలో అది 35.22 లక్షలు. పదేళ్లలో 8 లక్షలకు పైగా తగ్గుదల. ఈ అంకెలను చూచి మనుష్యులను గురించి విచారించినవారు పెక్కుమంది ఉన్నారు. ఆ మనుష్యుల చేతులలోని పన్నెలు, నాడెలు ఎక్కడికి పోయినవని అడిగినవారు మాకు తారసపడలేదు. నేతను విడిచిపోయినవారిని నిందించే అధికారం మాత్రం మనకెవరికీ లేదు. మన కళాశాలలో చదివే నేతగాని కుమారుడో కుమార్తెయో మరొక ఉద్యోగాన్ని కోరుకొంటే అది న్యాయమైన కోరిక. వారు విడిచిన సాధనం ఇంకా నేయదలచినవారికి అందాలన్నంతవరకే మా వాదం.

దీనికి ఒక ఆక్షేపణ చెప్పవచ్చు. పాత భాగాలను ఉచితంగా పంచితే కొత్త పన్నెలు కట్టేవాని, నాడెలు చేసే వడ్రంగి పొట్టకొట్టినట్లు కాదా? ఇది కొట్టివేయదగిన మాట కాదు. మగ్గం తరుగుతున్న కొద్దీ నేతగాని కంటె ముందుగా కనుమరుగయ్యేవాడు అతనికి సాధనాలు చేసిపెట్టేవాడే. వంద మగ్గాలున్న ఊరు ఒక పన్నె కట్టేవానిని పోషించగలదు. పది మగ్గాలున్న ఊరు పోషించలేదు. అతడు పని మానుకొంటే ఆ పది మగ్గాలు కూడా పరాయి ఊరిపై ఆధారపడతాయి. కావున దానంగా వచ్చిన పన్నెను ఉన్నదున్నట్లుగా ఇవ్వడం కంటె, ముందుగా అతని చేతికి ఇచ్చి, వంగిన పళ్లను సరిచేయించి, విరిగిన పళ్లకు బదులు అదే నంబరుగల మరొక పాత పన్నె పళ్లను వేయించి, అతనికి కూలి చెల్లించి, అటుపిమ్మట ఇవ్వడం ఉత్తమం. వస్తువు ఉచితం కావచ్చును గాని, పనితనం ఉచితం కారాదు. ఒక్క పన్ను వంగినా నేసిన బట్ట పొడవునా గీత పడుతుంది. అట్టి చీరను వర్తకుడు తక్కువ ధరకు అడుగుతాడు. అనగా సరిచేయని పన్నెను ఇవ్వడం నేతగానికి నష్టాన్ని ఇవ్వడమే.

ఇక ముందు చెప్పిన హిబా, ఆరియత్‌ల భేదానికి వద్దాం. కండె, నాడె, త్రాడు వంటివి అరిగిపోయే వస్తువులు. వాటిని పూర్తిగా ఇచ్చివేయడమే తగును. పన్నె, జకార్డు యంత్రం, అట్టల మూట వంటివి ఒక పడుగుకో, ఒక నమూనాకో అవసరమై, తరువాత ఖాళీగా ఉండేవి. 72 నంబరు పన్నెతో ఈ ఏడు నేసినవారు వచ్చే ఏడు 60 నంబరుకు మారవచ్చు. వీటిని వాడుకొని తిరిగి ఇచ్చే షరతుపై ఇస్తే ఒకే పన్నె నాలుగు ఇళ్లను తిరిగి రాగలదు. తీసుకొనేవారికి కూడా ఇది గౌరవంగా ఉంటుంది. దానం పుచ్చుకోవడానికి సంకోచించే నేతగాడు ఎరువు తీసుకోవడానికి సంకోచించడు. ‘ఎరువు’ అనే మన తెలుగు మాట ఆరియత్‌కు సరిగ్గా సరిపోతుంది. పెండ్లికి నగలను ఎరువు తెచ్చుకొన్న ఇండ్లలో పన్నెను ఎరువు తెచ్చుకోవడం చిన్నతనం కాదు.

కళాశాల సంఘంవారి పరిశీలన కొరకు ఒక చిన్న సూచన చేయదలచాము. దీనికి పెద్ద నిధి అక్కరలేదు. ఒక దిట్టమైన పుస్తకం, ఒక చిన్న గది చాలును. నేత కుటుంబాల నుండి వచ్చే విద్యార్థులు తమ తమ వీధులలో వాడకం లేకుండా పడియున్న భాగాలను గురించి, అవసరమై ఆగిన మగ్గాలను గురించి సమాచారం తెచ్చి ఆ పుస్తకంలో వ్రాయాలి. వస్తువులను వెంటనే మోసుకొనిరానక్కరలేదు. చాలావరకు అవి ఉన్నచోటనే ఉండి, ఎవరికి కావాలో తెలిసిన తరువాత ఒక ఇంటినుండి మరొక ఇంటికి నేరుగా పోవచ్చును. ఎక్కడ ఏమున్నదన్న ఎరుకయే ఇందులో ప్రధానం. ఆ ముసలామె అడిగిన ప్రశ్నకు ఆలస్యంగానైనా ఒక మనిషి ఆ వీధికి పోయినట్లవుతుంది.

వ్రాసేటపుడు మాత్రం వివరం తగ్గరాదు. పన్నె అయితే నంబరు, వెడల్పు, పళ్లు ఉక్కువో కావో, ఎన్ని వంగి ఉన్నవో, పాత పోగుల కొసలు ఉన్నవో లేవో వ్రాయాలి. నంబరు చెరిగిపోయిన పన్నెకు 2 అంగుళాల కొలబద్దను ఆనించి సందులను లెక్కించాలి. మధ్యలో ఒకసారి, రెండు కొసలలో ఒక్కొక్కసారి లెక్కిస్తే పొరపాటు ఉండదు. హీల్డులైతే ఎన్ని వరుసలు, వరుసకు ఎన్ని కన్నులు అన్నది కావాలి. 3,600 పోగుల పడుగును నాలుగు వరుసలపై ఎక్కిస్తే వరుసకు 900 కన్నులు ఉండాలి. నాడెకు పొడవు, కన్ను ఉన్న వైపు. జకార్డుకు కొక్కేల సంఖ్య, అట్టల సంఖ్య, వీలైతే ఆ అట్టలతో నేసిన బట్ట ముక్క ఒకటి. ఈ బట్ట ముక్కను మరువరాదు. పది మాటలు చెప్పలేనిది అది చెబుతుంది. కొలతలలో అనుమానం వస్తే ఊరి సహకార సంఘంలోని పెద్దలను గాని, హైదరాబాదులోని వీవర్స్ సర్వీస్ సెంటరువారిని గాని అడగవచ్చును.

గదికి చేరిన వస్తువుల విషయంలో రెండు జాగ్రత్తలు చాలును. పన్నెలకు తేమ శత్రువు. వర్షాకాలానికి ముందు వాటిని పలుచగా నూనె పూసిన గుడ్డతో తుడిచి, మరల వాడేముందు ఆ నూనె బట్టకు అంటకుండా పొడిగుడ్డతో శుభ్రపరచాలి. ఒకదానిపై ఒకటి పడుకోబెట్టరాదు. బరువుకు పళ్లు వంగుతాయి. గోడకు రెండేసి కొయ్యలు కొట్టి, పొడవునా ఆనేటట్లు వాటిపై నిలపాలి. అచ్చులను మాత్రం ఎవరూ విప్పరాదు, కడుగరాదు. కొసలు చిక్కుపడకుండా పిడికెడేసి పోగులను ఒక్కొక్క ముడిగా వేసి, పాత చీరముక్కలో చుట్టి, ఏ ఇంటినుండి వచ్చినదో, పడుగు ఎన్ని పోగులదో చీటీ వ్రాసి దానికి కట్టి ఉంచాలి.